పేరు ఒక్కటే చూసి పని ఆపకండి: రెవెన్యూ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర రెవెన్యూ, రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను నెల్లూరు జిల్లా ఆత్మకూరులో దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ని. జిల్లా పేరు ముందే చెప్పకపోతే ఈ ఉత్తరం ఏ ఆత్మకూరు నుంచి వచ్చిందో మీ పేషీలో ఎవరికీ అర్థం కాదు. నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరుంది. అనంతపురం జిల్లాలో ఒకటి, మంగళగిరి పక్కన ఒకటి. తెలంగాణలోకి పోతే వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఒకటి. అక్కడే ఇంకో రెండింటికి ఆత్మకూరు (ఎం), ఆత్మకూరు (ఎస్) అని అక్షరం తగిలించి మండలాలు నడుపుకుంటున్నారు. 2009 ఎన్నికల ముందు వరకు ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీలో కర్నూలు జిల్లా ఆత్మకూరుకు ఒక ఎమ్మెల్యే, మా ఆత్మకూరుకు ఒక ఎమ్మెల్యే ఉండేవాళ్లు. నియోజకవర్గాల పునర్విభజనలో అటువైపు సీటు శ్రీశైలం అయ్యాక అసెంబ్లీలో ఆ గొడవ తీరింది. బయట తీరలేదు. ఆత్మకూరు అటవీ డివిజన్‌లో పెద్దపులి తిరుగుతోందని టీవీలో స్క్రోలింగ్ రాగానే బెంగళూరులో ఉన్న మా వాళ్లు ఫోన్ చేసి, పిల్లల్ని బయటికి పంపొద్దంటారు. ఆ డివిజన్ శ్రీశైలం దారిలో ఉందని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఫోన్ వస్తుంది.

ఊళ్ల పేర్లతో వచ్చే తికమక ఎక్కువగా నవ్వుకుని వదిలేసేదే. మా జిల్లా కోవూరుకు రావలసిన పార్శిల్ గోదావరి ఒడ్డున కొవ్వూరుకు పోతుంది, రెండు రోజులు ఆలస్యంగానైనా తిరిగొస్తుంది. కపోతేశ్వరుడి గుడి చూద్దామని మా జిల్లా చేజర్లకు వచ్చినవాళ్లకు, ఆ గుడి పల్నాడు చేజర్లలో ఉందని చెప్పి కాఫీ ఇచ్చి పంపుతారు. ప్రకాశం బ్యారేజీ ప్రకాశం జిల్లాలో ఉందని రాసిన పిల్లవాడికి ఒక మార్కు పోతుంది, అంతే. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోయేది పార్శిలూ మార్కూ కాదండీ, పొలం. నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే: ఏ రైతు పనైనా, ఏ రిజిస్ట్రేషనైనా కేవలం పేరు కలిసిందని ఆపకూడదని మీ శాఖ సిబ్బందికి చెప్పండి.

మా వైపు పేర్లు ఎందుకు ఇంతగా కలుస్తాయో చెబుతాను. మా దగ్గర పేర్లు పెట్టేది దేవుళ్లు. రాపూరు మండలంలో పెంచలకోన ఉంది కనుక ఏ ఊరికి పోయినా పెంచలయ్య, పెంచలమ్మ, పెంచలరెడ్డి, పెంచల నరసింహం ఉంటారు. శనివారం మాత్రమే తలుపులు తీసే మాలకొండ నరసింహస్వామి కందుకూరు వైపు మొత్తాన్నీ మాలకొండయ్యలతో, మాల్యాద్రులతో నింపేశాడు. నర్రవాడ వెంగమాంబ పేరు వెంగయ్యలకూ వెంగమ్మలకూ సరిపోయింది. కసుమూరు దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలు మస్తాన్, మస్తానయ్య, మస్తానమ్మ. అందులో హిందువులూ ఉంటారు, ముస్లింలూ ఉంటారు. పేరు చూసి మతం చెప్పబోతే మా జిల్లాలో నాలిక్కరుచుకోవాలి. నెల్లూరు టౌనులో పెన్న ఒడ్డున రంగనాథస్వామి ఉన్నాడు, రంగనాయకులకు కొదవ లేదు. దీనిమీద ఇంకొక ఆచారం: తాత పేరు మనవడికి పెట్టాలి. ఒక తాతకు నలుగురు కొడుకులుంటే నలుగురూ తమ పెద్దబ్బాయికి ఆ పేరే పెడతారు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే.

ఊళ్లో దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రైసుమిల్లు రమణయ్య వేరు, మద్రాసు రమణయ్య వేరు, గేదెల రమణయ్య వేరు. మద్రాసు రమణయ్య మద్రాసులో ఉండొచ్చి నలభై ఏళ్లయినా ఆ పేరు పోలేదు. చిన్న పిల్లవాణ్ని అడిగినా ఏ రమణయ్య ఇల్లు ఎటో చేయి చూపిస్తాడు. చిక్కంతా ఆ పేరు కంప్యూటర్లోకి ఎక్కాక మొదలైంది.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు మార్చాను, మండలం చెప్పను. తాత రమణయ్య. ఆయనకు ఇద్దరు కొడుకులు, పెద పెంచలయ్య, చిన పెంచలయ్య. ఇద్దరూ మొదటి కొడుకుకు రమణయ్య అనే పెట్టారు. పాత చేతిరాత అడంగల్‌లో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, ఒకరి దగ్గర ‘తండ్రి పెద పెంచలయ్య’ అనీ, ఇంకొకరి దగ్గర ‘తండ్రి చిన పెంచలయ్య’ అనీ కరణం గారు గుండ్రంగా రాసిపెట్టారు. ఆ పుటలు నేను కళ్లారా చూశాను. నీలం సిరా, పక్కన ఎర్ర సిరాతో శిస్తు లెక్క. కంప్యూటర్లో ఎక్కించినప్పుడు ఎవరో ‘పెద’ని, ‘చిన’ని అనవసరం అనుకున్నారు. వెబ్‌ల్యాండ్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ భూముల రికార్డులో, ఇద్దరూ ‘రమణయ్య, తండ్రి పెంచలయ్య’ అయిపోయారు. ఆ తర్వాత ఆధార్ సీడింగ్, అంటే భూమి ఖాతాకు ఆధార్ నంబరు తగిలించడం, వచ్చింది. చిన్న రమణయ్య ఖాతాకు పెద్ద రమణయ్య ఆధార్ నంబరు ఎక్కింది.

మొదట పీఎం కిసాన్ ఆగింది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో 2,000 చొప్పున. పోనీలే అనుకున్నాడు, తిరగడానికే అంతకన్నా ఎక్కువ అవుతుందని. తర్వాత కూతురి నర్సింగ్ ఫీజు కోసం ఒక ఎకరం అమ్ముదామని నా దగ్గరికి వచ్చాడు. కాగితాలు చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి, అమ్మేవాడు అమ్మేవాడే, కొనేవాడు కొనేవాడే, బయానా కూడా ఇచ్చుకున్నారు. రికార్డులో ఆ ఎకరం మాత్రం ఈయనది కాదు.

అప్పుడు పెద్ద రమణయ్య మంచితనానికి పోయి, తనే మండలాఫీసుకు వచ్చాడు. కౌంటర్ ముందు నిలబడి, ‘అయ్యా, ఆ పొలం నాది కాదు, మా తమ్ముడిది. మా చిన్నాయన కొడుకు. నా పేరు మీద పొరపాటున ఎక్కింది’ అన్నాడు. లోకంలో ఎవరైనా పొలం నాదంటారు గాని, నాది కాదని చెప్పడానికి ఆటో ఎక్కి వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? లోపలున్నాయన స్క్రీన్ వైపు చూసి, ‘సిస్టంలో మీదే అని ఉంది కదా, మీరు కాదంటే ఎలా?’ అన్నాడు. ఈయన ఆధార్ కార్డు, ఆయన ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి చూపించాం. ఫొటోలు వేరు, పుట్టిన తేదీలు వేరు, డోర్ నంబర్లు వేరు. ‘ఇద్దరూ వేర్వేరని సర్టిఫికెట్ తెచ్చుకోండి’ అన్నారు.

మంత్రిగారూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఒకే మనిషికి రెండు పేర్లుంటే, అంటే పదో తరగతిలో వెంకట రమణయ్య, ఆధార్‌లో రమణయ్య అని ఉంటే, ఇద్దరూ ఒక్కరే అని తహసీల్దారు గారు సర్టిఫికెట్ ఇస్తారు. దానికి దరఖాస్తు ఉంది, ఫీజు ఉంది, గడువు ఉంది. ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఇద్దరేనని చెప్పే సర్టిఫికెట్ అడిగితే, అలాంటిది మా లిస్టులో లేదన్నారు. అడిగింది వాళ్లే, లేదన్నదీ వాళ్లే. చివరికి నోటరీ అఫిడవిట్ రాయించాం, ఊళ్లో పెద్దమనుషుల సంతకాలు పెట్టించాం, సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. అర్జీ తిరిగి అదే మండలాఫీసుకు వచ్చింది. ‘సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. పొలం మాత్రం ఇంకా పెద్దాయన పేరు మీదే ఉంది. కొనేవాడు కొన్నాళ్లు చూసి బయానా వెనక్కి తీసుకుపోయాడు.

అక్కడ కూర్చున్న ఉద్యోగిని నేను తప్పుపట్టడం లేదు. మార్చే అధికారం అతని లాగిన్‌లో లేదు. మార్చి రేపు ఏదైనా తేడా వస్తే మెమో వచ్చేది అతనికే. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి మెమో రాదు. ఏర్పాటే అలా ఉంది.

ఇది ఇంత తలకుమించిన పనా అంటే కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తీసి చూడండి. మొట్టమొదటి నిర్వచనమే, మనిషి పేరుకు తోడుగా ఏమేమి రాయాలో చెప్పేది: కాపురం ఉండే చోటు, వృత్తి, హోదా ఉంటే హోదా, తండ్రి పేరు. అందుకే మేం ఇప్పటికీ ‘ఫలానా వారి కుమారుడు, ఇన్నేళ్ల వయసు, వ్యవసాయం, ఫలానా గ్రామ కాపురస్తుడు’ అని ఒక పేరా నింపుతాం. ఆస్తికి నాలుగు హద్దులు రాసినట్టు మనిషికీ హద్దులు రాస్తాం. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు ఇదంతా ఎందుకు, ఆధార్ నంబరు చాలదా అంటారు. ఆధార్ ఒకరిది తీసి ఇంకొకరికి అంటించినప్పుడు చివరికి కాపాడేది ఆ పేరానే.

ఎన్నికల్లో కూడా దీన్ని ఎప్పుడో పట్టించుకున్నారు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో, ఇద్దరు అభ్యర్థులకు ఒకే పేరుంటే వృత్తినో నివాసాన్నో చేర్చి వేరు చేయాలని ఉంది. అయినా పెద్ద పార్టీ అభ్యర్థి మీద అదే పేరున్న ఇండిపెండెంట్‌ను వెతికి నిలబెట్టే తెలివి మనవాళ్లకుంది. 2015 నుంచి బ్యాలెట్ మీద ఫొటో కూడా వేస్తున్నారు. ఓటుకు ఉన్న జాగ్రత్త ఎకరానికి ఎందుకు ఉండకూడదు?

తపాలా శాఖ కూడా ఎప్పుడో మేల్కొంది. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ పెట్టడానికి ఒక పెద్ద కారణం, దేశంలో ఒకే పేరున్న ఊళ్లు లెక్కకు మించి ఉండటమే. మా ఆత్మకూరు 524322, నంద్యాల జిల్లాది 518422. అంకె సరిగ్గా వేస్తే ఊరు పేరు తప్పు రాసినా ఉత్తరం చేరుతుంది. ఇంటి నుంచి ఒక్క కవరు వేసినవాడికి కూడా తెలిసిన ఈ కిటుకు, ఆన్‌లైన్ దరఖాస్తులు తయారు చేసేవాళ్లకు ఎందుకు తట్టదో! ఇప్పటికీ ‘గ్రామం’ అని ఒక లిస్టు తెరుచుకుంటుంది. అందులో కొత్తపల్లి, కొత్తపల్లి, కొత్తపల్లి అని వరసగా వస్తాయి, పక్కన ఏమీ ఉండదు. ఏదో ఒకటి నొక్కి దండం పెట్టుకోవడమే. జిల్లా లిస్టులో నెల్లూరు కోసం ‘ఎన్’ దగ్గర వెతికితే దొరకదు, ‘ఎస్’లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అని ఉంటుంది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో ప్రాణం ఇచ్చిన మహానుభావుడి పేరు జిల్లాకు 2008లో పెట్టుకున్నాం, మాకు గర్వమే. మా అవ్వకు పింఛను దరఖాస్తు పెట్టే కుర్రవాడికి ఆ లిస్టు దగ్గర ఎంత టెన్షనో కూడా ఒకసారి చూడండి.

ఊరి పేరు పక్కన జిల్లా పేరు రాస్తే చాలు కదా అని మీ అధికారులు అనొచ్చు. చాలదు. జిల్లాలు కదులుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, అదే రోజు గూడూరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు పోయింది, శ్రీశైలం దారిలోని ఆత్మకూరు కర్నూలు నుంచి నంద్యాలకు పోయింది. పాత దస్తావేజులో ‘నెల్లూరు జిల్లా గూడూరు’ అని ఉంటుంది. కర్నూలు జిల్లాలో ఒక గూడూరుంది, కృష్ణా జిల్లాలో ఒక గూడూరుంది, మహబూబాబాద్ జిల్లాలో ఒక గూడూరుంది, మా జిల్లాలోనే తోటపల్లిగూడూరు ఉంది. జనం దాన్ని టీపీ గూడూరు చేసుకుని ఇబ్బంది లేకుండా బతుకుతున్నారు. ఉమ్మడి ప్రకాశం జిల్లావాళ్లు ఈ విద్యలో మాకన్నా ఘనులు: వై.పాలెం, సి.ఎస్.పురం, పి.సి.పల్లి, ఎస్.ఎన్.పాడు, ఎన్.జి.పాడు, హెచ్.ఎం.పాడు. బయటివాడికి ఏదో కోచింగ్ సెంటర్ల లిస్టులా కనపడుతుంది గాని వాళ్లకు మాత్రం ఏదీ తప్పదు. ప్రతి గ్రామానికీ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ డైరెక్టరీలో విడి కోడ్ ఉంది. జిల్లా మారినా ఊరు అదేనని చెప్పగలిగే గుర్తు అది. ఆ అంకె మీ దగ్గర ఉంది, మా పాసుపుస్తకం మీదే లేదు.

జిల్లా కదిలితే ఎంత దూరం పోతుందో మా గిత్తల కథే చెబుతుంది. ఒంగోలు జాతిని బ్రెజిల్లో నెలోర్ అంటారు. వెనక 19వ శతాబ్దంలో మన పశువులు ఓడలెక్కి పోయినప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడి ఒంగోలు తాలూకా అందులోకి పోయింది, 1970లో సొంత జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఇక్కడ ఇన్ని మారినా అక్కడ నెలోర్ నెలోరే. ఒంగోలు వాళ్లకు ఇప్పటికీ మామీద ఆ కోపం ఉంది, న్యాయమైనదే. ఆ మధ్య దాదాపు 40 కోట్ల రూపాయల విలువ కట్టి గిన్నిస్‌కెక్కిన నెలోర్ ఆవు పేరు వియాటినా-19. పేరు పక్కనే అంకె. వాళ్లు ఒక ఆవును ఇంకో ఆవుతో కలిపేసుకోరు.

పేర్లు మార్చమని నేను అడగడం లేదు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. తికమక ఉందని మా ఆత్మకూరుకు ఇంకెవరి పేరో పెట్టారంటే, మళ్లీ ప్రభుత్వం మారినప్పుడు అది ఇంకోటవుతుంది. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం 1998లో ఎన్టీఆర్ పేరు పెట్టుకుంది, 2022లో వైఎస్సార్ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. ఒకే కాలేజీలో చదివిన అక్కకూ చెల్లికీ డిగ్రీ పట్టా మీద యూనివర్సిటీ పేరు వేరు. కొత్త కాలనీల పేర్లు చూడండి, ఏ టౌనుకు పోయినా అవే నాలుగైదు పేర్లు, పక్కపక్క మండలాల్లో కూడా. ఊళ్ల పేర్లు మార్చేటప్పుడు రాష్ట్రంలోనూ చుట్టుపక్కలా అదే పేరున్న ఊరు లేకుండా చూసుకోవాలని కేంద్ర హోంశాఖ 1953లోనే రాష్ట్రాలకు రాసింది. కాలనీలకు కూడా ఆ మాట వర్తింపజేస్తే పోస్టుమ్యాన్‌కు, 108 డ్రైవర్‌కు ఎంత మేలో.

కావలసింది చిన్న పనులే. తండ్రి పేరులో ‘పెద’, ‘చిన’ ఉంటే అవి రికార్డులో ఉండాలి. పాత అడంగల్‌లో ఉండి కంప్యూటర్లో పోయినవి రైతు అర్జీ లేకుండానే వెనక్కి రావాలి, ఎందుకంటే తీసేసింది రైతు కాదు. ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ‘కె. రమణయ్య’ అంటే కాకర్ల కావచ్చు, కొండూరు కావచ్చు, కాటంరెడ్డి కావచ్చు. ఆ ఒక్క అక్షరాన్ని నమ్మి నోటీసులు పంపుతున్నారు. రీసర్వే తర్వాత ఇస్తున్న కొత్త పాసుపుస్తకాల్లోనైనా ఇది సరిచేయడానికి వీలుంది, ముద్రించక ముందే.

వీటన్నిటికన్నా ముందు, మొదట చెప్పిన మాట. పేరు కలిసిందని ఒకరి రిజిస్ట్రేషన్ ఆపాలన్నా, సాయం ఆపాలన్నా, ఇంకొకరి బాకీకి నోటీసు ఇవ్వాలన్నా, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరి కోడ్, వీటిలో కనీసం రెండైనా కలవాలి. కలవకపోతే ఆపకూడదు. ఇద్దరూ వేర్వేరని తేల్చే బాధ్యత ఆఫీసుది కావాలి, దానికి గడువు ఉండాలి, ఆ గడువులో తహసీల్దారు గారి లాగిన్‌లో సరిచేసే వీలుండాలి. రెండో మనిషి స్వయంగా వచ్చి, ఇది నాది కాదని చెప్పి వేలిముద్ర వేస్తే ఆ రోజే సరిచేయాలి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ కోర్టూ అడగదు.

దీనికి చట్టం మార్చక్కర్లేదు, కేబినెట్ అక్కర్లేదు. ఒక పేజీ సర్క్యులర్ చాలు. మీ ఆఫీసులో ఎవరికీ తీరిక లేకపోతే డ్రాఫ్టు మేం రాసి పంపుతాం. ఈ పనికి మాత్రం ఫీజు తీసుకోం.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా